తవ్వకముందే ఎంత తెలుస్తుంది?

తెలంగాణలోనో రాయలసీమలోనో బోరు వేయించబోయే రైతుకు పాయింట్ చూపించేవాళ్లు మూడు రకాలు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, వేపపుల్ల పట్టుకునో పొలమంతా తిరిగేవారు కొందరు. మిషను పెట్టి చూసేవారు కొందరు. భూగర్భ జల శాఖ జియాలజిస్టులు ఇంకొందరు. ఎవరు చూసినా చివరికి నేల మీద ఒక గుర్తు పెట్టి వెళ్తారు. బోరు బండి వచ్చాక నీళ్లు పడితే చూసినవారి గొప్ప, దుమ్ము లేస్తే రైతు కర్మ. మిషను కొలిచిందేమిటి, దాన్నిబట్టి ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగాలి అని అడిగేవారు అరుదు. అడగకపోవడం వల్లే ఈ శాస్త్రం మీద ఒకరికి గుడ్డి నమ్మకం, ఇంకొకరికి పూర్తి అపనమ్మకం ఏర్పడ్డాయి.

భూమిని తవ్వకుండా లోపలి సంగతి తెలుసుకునే పద్ధతులన్నిటినీ కలిపి జియోఫిజిక్స్, అంటే భూభౌతిక శాస్త్రం అంటాం. చమురు, గ్యాస్, ఖనిజాలు, ఆనకట్టల పునాదులు, భూకంపాల అధ్యయనం అన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. ఇక్కడ వాటన్నిటినీ ఒక్కసారి పలకరిస్తాను కానీ, ఎక్కువసేపు ఉండేది గ్రానైటు నేలలో నీళ్ల దగ్గరే. మన ప్రాంతంలో మామూలు మనిషి జేబులోంచి డబ్బు తీసి ఈ శాస్త్రాన్ని కొనుక్కునేది అక్కడే, నష్టపోయేదీ అక్కడే.

పద్ధతి ఏదైనా చేసే పని ఒకటే: రాతికున్న ఏదో ఒక భౌతిక గుణాన్ని పైనుంచి కొలవడం. గురుత్వ సర్వే సాంద్రత తేడాను, మాగ్నెటిక్ సర్వే అయస్కాంత గుణాన్ని, సైస్మిక్ సర్వే తరంగాల వేగాన్ని, రెసిస్టివిటీ సర్వే కరెంటుకు అడ్డుపడే గుణాన్ని పట్టుకుంటాయి. వచ్చిన అంకెను చూసి "ఇది నీళ్లున్న రాయి" అనడం మనిషి చేసే ఊహ. థర్మామీటరు జ్వరం ఎంతో చెబుతుంది, ఏ జ్వరమో చెప్పదు. ఈ పరికరాల సంగతీ అంతే. ఒకే కొలత ఎన్నో రకాల నేలల నుంచి రావచ్చు. వాటిలో ఏది నిజమో తేల్చడానికి ఆ కొలత వెలుపలి సమాచారం ఏదో ఒకటి కావాలి. ఈ శాస్త్రంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గురుత్వ పద్ధతి చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన దేశంలోనే జరిగింది. 19వ శతాబ్దంలో గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే వాళ్లు ఉత్తరాన హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానాకూ, దక్షిణాన కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను రెండు విధాలుగా లెక్కగట్టారు. నేల మీద త్రిభుజాలు కొలిచి ఒకసారి, నక్షత్రాలను చూసి ఇంకోసారి. రెండింటికీ 5.24 సెకన్ల కోణం తేడా వచ్చింది. హిమాలయాల బరువు గుండుతాడును పక్కకు లాగుతోందని అనుమానించి, కలకత్తా ఆర్చ్‌డీకన్ జాన్ ప్రాట్ లెక్క వేశాడు. ఆ లెక్క ప్రకారం తేడా దాదాపు 16 సెకన్లు రావాలి. అంత పెద్ద కొండలు లాగాల్సినంత లాగడం లేదు. 1855లో జార్జ్ ఎయిరీ దీనికి వివరణ ఇచ్చాడు: కొండల కింద తేలికైన రాతి వేళ్లు లోతుగా దిగి ఉన్నాయి. గుండుతాడులో వచ్చిన చిన్న తేడాతో కొండల అడుగున ఏముందో తెలిసింది.

ఇప్పటి గ్రావిమీటరు దగ్గర ఓపిక కావాలి. భూమ్యాకర్షణ సుమారు 9,80,000 మిల్లీగాల్‌లు ఉంటే, అది మిల్లీగాల్‌లో నూరోవంతు తేడాను కూడా పట్టుకుంటుంది. ఒక్క మీటరు ఎత్తుకు వెళ్తేనే ఆకర్షణ 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది కాబట్టి, పరికరం పెట్టిన ప్రతి చోటి ఎత్తూ సెంటీమీటర్లలో తెలియాలి. కడప బేసిన్ నైరుతి భాగంలో గురుత్వం చుట్టుపక్కల కంటే ఎక్కువ. అక్కడ లోపల బరువైన అగ్నిశిల పెద్ద ముద్దగా చొరబడి ఉందని శాస్త్రవేత్తల వివరణ. కానీ తక్కువ లోతులో ఉన్న ఒక ఆకారం ఇచ్చే గురుత్వాన్నే, ఇంకా లోతున ఉన్న వేరే ఆకారమూ ఇవ్వగలదు. గురుత్వం ఒక్కటే పట్టుకుని లోతు తేల్చడం సాధ్యం కాదు. ఇదే పద్ధతి ఆకాశానికి ఎక్కి గ్రేస్ ఉపగ్రహాలైంది. 2002 నుంచి 2008 మధ్య పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతం 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలాన్ని పోగొట్టుకుందని వాటి కొలతలతో 2009లో లెక్కగట్టారు. రాష్ట్రాల స్థాయిలో ఆ లెక్కకు ఎంతో విలువ ఉంది. ఒక రైతు పొలానికి మాత్రం అది పనికిరాదు.

మాగ్నెటిక్ సర్వే అన్నిటికంటే చవక, వేగం. 1963లో ఫ్రెడరిక్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ సముద్రం అడుగు విస్తరిస్తోందనడానికి ఆధారం చూపింది హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద తీసిన అయస్కాంత కొలతలతోనే. మనకు దీంతో ఉన్న రోజువారీ సంబంధం డోలరైట్ డైకులు. గ్రానైటును చీల్చుకుని గోడలా నిలబడిన నల్లరాయి అది. తెలంగాణలో ఎక్కడ చూసినా కనిపించే ఆ నల్ల బండల వరుసలు అవే. డైకులో ఇనుము ఎక్కువ, అందుకని మట్టి కప్పేసిన చోట కూడా మాగ్నెటోమీటరు దాన్ని పట్టేస్తుంది. గట్టిగా ఉన్న డైకు భూగర్భ జలానికి అడ్డుకట్టలా పనిచేస్తుంది, ఎగువ వైపు నీళ్లు నిలుస్తాయి, దిగువ వైపు ఎండిపోతుంది. పక్కపక్క పొలాల్లో ఒకరికి నీళ్లు, ఒకరికి దుమ్ము రావడానికి కొన్నిచోట్ల ఇదే కారణం. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల వజ్రాల కింబర్లైట్ పైపుల వేటలోనూ ఈ పద్ధతి ముందువరుసలో ఉంది.

సైస్మిక్ పద్ధతిలో నేలను అదిరించి, ఆ అదురు లోపలికి వెళ్లి తిరిగి వచ్చే సమయాన్ని జియోఫోన్లతో కొలుస్తారు. చిన్న పనికి ఇనుప పలక మీద సమ్మెట దెబ్బ సరిపోతుంది. వదులు మట్టిలో తరంగం సెకనుకు కొన్ని వందల మీటర్లు, గట్టి గ్రానైటులో 5,000 మీటర్లకు పైగా నడుస్తుంది కాబట్టి రాయి ఎంత లోతున ఉందో బాగా తెలుస్తుంది. పెద్ద పనికి పేలుడు పదార్థం లాంటిది కావాలి. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1970ల తొలి సగంలో సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటక తీరంలోని ఉడుపి దాకా 600 కిలోమీటర్ల గీత గీసి దేశంలో తొలి లోతైన సైస్మిక్ సర్వే చేసింది. కడప బేసిన్‌ను, దాని అవతల ధార్వార్ ప్రాంతాన్ని అడ్డంగా దాటుకుంటూ వెళ్లిన ఆ గీత మీద భూపటలం మందం సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లుగా తేలింది. పటలాన్ని నిలువునా కోసే లోతైన చీలికలూ కనిపించాయి. మన కాళ్ల కింద ఏముందో అంత లోతు దాకా మొదటిసారి చూపించిన పని అది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు ఉండాలని నా కోరిక.

చమురు, గ్యాస్ వేట అంతా సైస్మిక్ మీదే నడుస్తుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కథ ఈ పద్ధతి హద్దును బాగా చూపిస్తుంది. సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన మీథేన్ అది. దాని పొర ఎక్కడ ముగిసి కింద గ్యాస్ ఎక్కడ మొదలవుతుందో అక్కడ సైస్మిక్ చిత్రంలో సముద్రపు అడుగుకు సమాంతరంగా ఒక గీత వస్తుంది. ఆ గీత ఉందంటే హైడ్రేట్ ఉండే అవకాశం ఉంది. ఎంత ఉంది, ఇసుకలో ఉందా బంకమన్నులో ఉందా అన్నది మాత్రం గీత చెప్పదు. 2006లో జోయిడిస్ రిజల్యూషన్ నౌక వచ్చి తవ్వాకే, ఒకచోట చీలికలున్న బంకమన్నులో దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్నట్టు తేలింది.

ఇక బోరు పాయింట్ల దగ్గరికి వద్దాం. 1911 ప్రాంతంలో పారిస్‌లో కాన్రాడ్ ష్లంబర్జర్ నేలలోకి కరెంటు పంపి రాళ్లను గుర్తుపట్టే ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1912లో నార్మండీలోని కుటుంబ ఎస్టేటులో తొలి పటం గీశాడు. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ కడ్డీలకు ఇంకో అమరిక సూచించాడు. మన జియాలజిస్టులు నేటికీ పొలాల్లో వాడేది ఈ రెండు అమరికలనే. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగగొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. ఎండాకాలంలో నేల గట్టిపడి కరెంటు లోపలికి పోకపోతే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తారు. వంద మీటర్ల లోతు సంగతి తెలియాలంటే తీగ నాలుగైదు వందల మీటర్లు తిన్నగా పరవాలి. చిన్న కమతాల్లో, గట్లు, కంచెలు, కరెంటు స్తంభాల మధ్య అంత తిన్నని జాగా దొరకదు. పాయింట్ చూసేవారు తీగను ఎంతదూరం లాగారో గమనిస్తే, వాళ్లు చెబుతున్న లోతుకు ఆధారం ఉందో లేదో సగం తెలిసిపోతుంది.

వచ్చిన అంకెలను లాగ్ కాగితం మీద వక్రరేఖగా గీస్తారు. గ్రానైటు నేలలో ఆ రేఖ సాధారణంగా ముందు కిందికి దిగి, తర్వాత పైకి లేస్తుంది. పైన పొడి మట్టి, మధ్యలో తేమ పట్టిన మెత్తటి రాయి, కింద గట్టి రాయి అని అర్థం. తడిసిన మెత్తటి గ్రానైటుకు ముప్పై నుంచి వంద ఓమ్-మీటర్లు, చెక్కుచెదరని గ్రానైటుకు వేలల్లో ఉంటుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. మధ్య పొర 20 మీటర్ల మందం, 40 ఓమ్-మీటర్లు అనుకుందాం. అదే 10 మీటర్ల మందం, 20 ఓమ్-మీటర్లు అనుకున్నా పైన గీత దాదాపు ఒకేలా వస్తుంది. ఎందుకంటే ఇలాంటి పొర విషయంలో గీతను నిర్ణయించేది మందాన్ని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే అంకె, అది రెండింటికీ ఒకటే, 0.5. మొదటిది నీళ్లున్న మెత్తటి రాయి కావచ్చు. రెండోది నీళ్లను వదలని బంకమన్ను కావచ్చు. రైతు బతుకు ఈ రెండింటి తేడా మీద ఉంది, కొలత మాత్రం ఆ తేడాను చూపదు. మిషను ఎంత ఖరీదైనదైనా ఇది మారదు, భౌతిక శాస్త్రమే అలా ఉంది.

రెండో హద్దు ఇంకా కఠినం. గట్టి రాతిలో 80 మీటర్ల లోతున ఒక మీటరు మందం చీలిక ఉండి, దాని నిండా నీళ్లున్నా పైనుంచి చేసే రెసిస్టివిటీ కొలతకు అది తగలదు. పైనున్న పొరల ప్రభావంలో అది కలిసిపోతుంది. అందుకే "రెండు వందల అరవై అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్లున్నాయి" అని ఎవరైనా మిషను చూసి చెప్పారంటే, ఆ మాట మిషనులోంచి రాలేదని గట్టిగా చెప్పవచ్చు. ఈ మధ్య ఊళ్లలో తిరిగే పరికరాలు ఫోను తెర మీద రంగుల బొమ్మ ఇస్తున్నాయి. నీలం రంగు కనిపించగానే నీళ్లు అనుకుంటున్నారు. ఆ నీలం తక్కువ రెసిస్టివిటీకి సాఫ్ట్‌వేర్ వేసిన రంగు. బంకమన్ను కూడా నీలంగానే వస్తుంది, పాతిన ఇనుప పైపూ నీలంగానే వస్తుంది. పదుల కొద్దీ కడ్డీలతో ఒకేసారి కొలిచే ఇమేజింగ్ పద్ధతి నిజంగా మెరుగైనదే, రాయి ఎక్కడ లోతుగా మెత్తబడిందో అడ్డకోతలో చూపిస్తుంది. కానీ మొదటి చిక్కు దానికీ తప్పదు.

కొబ్బరికాయ, వేపపుల్ల మాటేమిటి? వీటిని కొట్టిపారేసే ముందు ఒక తేడా గమనించాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని ఒక అధ్యాయం మొత్తం నీళ్ల జాడకే కేటాయించాడు. చెట్లు, పుట్టలు, మట్టి రంగు వంటి ఆనవాళ్లు చెప్పాడు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ 1980లో దీని మీద పుస్తకమే రాశారు. చెదపురుగుకు తేమ కావాలి, కొన్ని చెట్ల వేళ్లు నీటిమట్టాన్ని వెతుక్కుంటూ దిగుతాయి. ఇది పరిశీలన, దీన్ని పరీక్షించి చూడవచ్చు. పుల్ల వంగడం వేరు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987-88లో పుల్ల పట్టేవారిలో నేర్పరులుగా ఎంచిన 43 మందితో పరీక్షలు చేశారు. కింది అంతస్తులో నీటి పైపును అటూ ఇటూ జరిపితే పై అంతస్తులో ఉన్నవారు దాని చోటు చెప్పాలి. ఆ ఫలితాలను తర్వాత శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్ మళ్లీ విశ్లేషిస్తే, గుడ్డిగా ఊహించిన దానికంటే మెరుగ్గా ఏమీ కనిపించలేదు. మన ఊళ్లలో పుల్ల పట్టినవారి పాయింట్లు కొన్ని ఫలించడానికి వాళ్లకు ఆ నేల మీదున్న అనుభవం ఒక కారణం. వాన బాగా పడిన ఏడాది మెత్తబడిన రాతి నేలలో చాలాచోట్ల ఎంతో కొంత నీళ్లు తగలడం ఇంకో కారణం.

పుల్ల సంగతి పక్కన పెడితే, పై పద్ధతులన్నీ నీటిని పరోక్షంగా ఊహించేవే. ఒక్కటి మాత్రం నేరుగా నీటి అణువులోని హైడ్రోజన్‌నే పలకరిస్తుంది: మాగ్నెటిక్ రెజొనెన్స్ సౌండింగ్. ఆసుపత్రి ఎంఆర్‌ఐలో ఉన్న సూత్రమే ఇది, ఇక్కడ అయస్కాంతం భూమే. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రానికి ప్రోటాన్లు సెకనుకు సుమారు 1,800 సార్లు ఊగే పౌనఃపున్యంలో స్పందిస్తాయి. నేల మీద పెద్ద తీగచుట్ట పరిచి ఆ పౌనఃపున్యంలో కరెంటు పంపి ఆపేస్తే, లోపలి నీళ్లు బలహీనంగా బదులు పలుకుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు నేలల్లో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సంస్థ బీఆర్‌జీఎం కలిసి దీన్ని పరీక్షించాయి. పంపుసెట్ల కరెంటు లైన్ల రొద ఈ బలహీన సంకేతాన్ని ముంచేస్తుంది. లైన్లు దట్టంగా ఉన్న చోటే బోర్లూ దట్టంగా ఉంటాయి కాబట్టి, నీళ్లు అవసరమైన చోటే ఈ పద్ధతికి ఇబ్బంది.

ఆ రెండు సంస్థలే హైదరాబాద్‌కు దగ్గరలోని మహేశ్వరంలో, సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పరిశీలించాయి. బోర్లలో పరీక్షలు, జియోఫిజిక్స్, చుట్టుపక్కల దిగుడుబావుల గోడలు అన్నీ కలిపి చూస్తే వచ్చిన చిత్రం ఇది: పైన పదీ ఇరవై మీటర్లు మెత్తబడిన రాయి. దాని కింద మరో పదిహేను ఇరవై మీటర్లు అడ్డంగా చీలిన రాయి, నీళ్లు పారేది ప్రధానంగా అందులోనే. అంతకు కింద గట్టి రాయి, అరుదుగా ఎక్కడో ఒక లోతైన చీలిక. ఈ మాట రైతుల అనుభవానికి అడ్డంగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఆరు వందలు, వెయ్యి అడుగులు తోలేస్తున్నారు. పై పొరల్లోని నీళ్లను తోడేశాక మిగిలింది ఆ అరుదైన చీలికల మీద పందెమే. ఈ పందెంలో పైనుంచి చేసే కొలతలకు అతి తక్కువ బలం ఉంది. పాయింట్ ఎక్కడన్న దానికంటే ఎంత లోతు దగ్గర ఆపేయాలన్నదే రైతు డబ్బును ఎక్కువగా కాపాడుతుంది, దాని గురించి మాట్లాడేవారు మాత్రం కనబడరు.

హెలికాప్టరు పద్ధతితో చూపు పొలం నుంచి ప్రాంతానికి మళ్లింది. హెలికాప్టరు కింద వేలాడే పెద్ద తీగచుట్టలో కరెంటును ఒక్కసారిగా ఆపితే, నేలలో పుట్టిన ప్రవాహాలు క్రమంగా చల్లారతాయి. ఆ చల్లారే తీరును బట్టి లోపలి పొరలు లెక్కగడతారు. గత దశాబ్దంలో ఎన్‌జీఆర్‌ఐ, కేంద్ర భూగర్భ జల బోర్డు కలిసి, డెన్మార్క్ ఆర్హస్ విశ్వవిద్యాలయం సాయంతో దేశంలో ఆరు చోట్ల దీన్ని పరీక్షించాయి. వాటిలో తుమకూరు జిల్లాలోని గట్టిరాతి ప్రాంతం మన నేలకు దగ్గరి చుట్టం. ఎడారి ఇసుకల్లో, గంగా మైదానంలో బొమ్మ స్పష్టంగా వస్తుంది. గట్టిరాతిలో మెత్తబడిన పొర ఎక్కడ మందంగా ఉందో బాగా చెబుతుంది, ఒంటరి చీలిక అక్కడా దొరకదు.

నేల మీద నెట్టుకుంటూ వెళ్లే రాడార్, అంటే జీపీఆర్, పైపులు, కేబుళ్లు, పురావస్తు గోడలు వెతకడానికి మంచిది. పొడి ఇసుకలో కొన్ని మీటర్లు చూస్తుంది, తడి నల్లరేగడిలో మీటరు లోపే చచ్చిపోతుంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు ఎన్‌జీఆర్‌ఐ బృందం జీపీఆర్‌తో లోపలికి వెళ్లింది. నీళ్లు, బురద, ముక్కలైన బోరింగ్ యంత్రపు ఇనుము కలిసిన చోట రాడార్‌కు ప్రతిదీ ఒక ప్రతిధ్వనే. మార్చిలో మొదటి మృతదేహం ఉన్న చోటును పట్టినవి కేరళ పోలీసు జాగిలాలు. ఆ ప్రాణాంతక పరిస్థితిలో శాస్త్రవేత్తలు లోపలికి వెళ్లడమే గొప్ప, వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. నన్ను కలచివేసేది వేరే సంగతి. సొరంగం ముందున్న రాయి గురించి ముందే తెలుసుకోవాలి. ఈ సొరంగంలా అమ్రాబాద్ పులుల అడవి కింద, వందల మీటర్ల రాతి కప్పు ఉన్న చోట పైనుంచి బోర్లు వేసి చూసే వీలు లేనప్పుడు జియోఫిజిక్స్ అవసరం మరీ ఎక్కువ. అక్కడ హెలికాప్టరు సర్వే మాత్రం ప్రమాదం జరిగిన తర్వాతే చేపట్టారు.

మళ్లీ బోరు దగ్గరికి. 20 మీటర్లా 10 మీటర్లా అన్న చిక్కును విప్పే సమాచారం ప్రతి ఊళ్లోనూ ఉంది. బోరు వేసేటప్పుడు గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దింపుతారు. కేసింగ్ ఎన్ని అడుగులు పోయిందో ప్రతి రైతుకూ గుర్తే, అడుగుకింతని దానికి డబ్బు కట్టాడు కాబట్టి. ఆ అంకె మెత్తబడిన రాతి పొర మందానికి చాలా దగ్గరి కొలత. పక్క పొలంలో అరవై అడుగులు కేసింగ్ పోయిందని తెలిస్తే, వక్రరేఖలో మందం తెలిసినట్టే, అప్పుడు రెసిస్టివిటీ ఎంతో తేలిపోతుంది, బంకమన్నా నీళ్లున్న రాయా అన్నదానికి నమ్మదగిన జవాబు వస్తుంది. ఏ లోతున తడి తగిలింది, ఎక్కడ దుమ్ము మళ్లీ మొదలైంది అన్నది బోరు బండి డ్రిల్లరుకు తెలుసు. దుమ్ము లేచిన బోరు కూడా ఇందులో సమాన విలువున్న కొలత.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బావులు నమోదు కావాలంది. జాతీయ తాగునీటి మిషన్ కింద నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో భూగర్భ జల అవకాశాల పటాలు తయారు చేసింది. చట్టమూ ఉంది, పటాలూ ఉన్నాయి. వాటిని ఊరి పొలానికి దించే కేసింగ్ అంకెలు, విఫలమైన బోర్ల లోతులు ఒకచోట చేరి పంచాయతీ ఆఫీసులో ఎవరైనా అడిగితే చూపించేలా లేవు. పాయింట్ చూడటానికి వచ్చినవారు తీగలు పరచకముందే చుట్టుపక్కల నాలుగు బోర్ల కేసింగ్ ఎంతని అడిగారా లేదా అన్నది రైతు గమనించవచ్చు. అడగకుండా మిషను తెరిచినవారి చేతికి ఎంత ఖరీదైన పరికరం ఇచ్చినా, పైన చూపిన రెండు జవాబుల్లో ఏది నిజమో తేల్చే దారి వాళ్ల దగ్గర లేదు. ఫ్లోరైడ్ సంగతి ఇంకో మాట: నల్లగొండ లాంటి చోట లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందో లేదో ఏ సర్వే చెప్పదు, నీళ్లు పడ్డాక సీసాలో పట్టి ల్యాబుకు పంపాల్సిందే.